పోర్టు రోడ్డు పక్క చేను

బందరుకి ఓడలొచ్చిన రోజులు మా తాతయ్య కూడా చూడలేదు. డచ్చివాళ్లు దిగారనీ, ఇక్కడి అద్దకం బట్టలు సముద్రం దాటాయనీ, ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చేసిందనీ చెప్పుకోవడమే. పోర్టు మళ్లీ వస్తుందంటే మావాళ్లు నవ్వేవారు. ఇప్పుడు రాళ్ల లారీలు గుమ్మం ముందు నుంచే పోతుంటే నవ్వు ఆగి అనుమానం మొదలైంది. అందరికంటే ఎక్కువ మా ఆయన తిరుపతిరావుగారికి.

పోర్టు రోడ్డు పక్క చేను మా అమ్మ నాకు పసుపుకుంకుమల కింద ఇచ్చింది. దానికి కాలవ నీళ్లు గట్టు పక్కనున్న, నాకు వరసకి అన్నయ్యయ్యే వెంకటసుబ్బారావు చేలోని బోదెలోంచే రావాలి. వేరే దారి లేదు.

మొన్న వేసవిలో అన్నయ్య అరటిగెల పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఏనాడూ వక్కపలుకైనా పెట్టని మనిషి.

“బావా, చేను సంగతి ఒకటి మాట్లాడాలి,” అన్నాడో లేదో, “మేం అమ్మం,” అన్నారు మా ఆయన.

“అది కాదు బావా...”

“ఏదైనా సరే, అమ్మం.”

అన్నయ్య నా వైపు చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

“రోడ్డు వెడల్పు చేస్తే మన చేనుకి పెద్ద పరిహారం వస్తుందని వాడికెవరో చెప్పుంటారు. చవగ్గా కొట్టేద్దామని గెల తెచ్చాడు,” అన్నారు మా ఆయన. ఆ పళ్లు నన్నూ ముట్టుకోనివ్వలేదు.

తొలకరికి అన్నయ్య చేలో గ్రావెల్ దిగింది. బెజవాడ వాళ్లెవరో కంటైనర్ యార్డుకి కొన్నారట. మెరక చేసి గోడ కట్టేశారు. బోదె పూడిపోయింది. కాలవ నిండుగా పారుతున్నా మా నారుమడికి చుక్క రాలేదు.

ఇద్దరం అన్నయ్య ఇంటికి పోట్లాటకి వెళ్లాం. అన్నయ్య గొంతు పెంచలేదు.

“గట్టు పక్కోళ్లని అడక్కుండా బయటోళ్లకి అమ్మడం మన ఇళ్లల్లో లేదు కదా చెల్లెమ్మా. బావని కొనుక్కోమందామనే వచ్చా. వద్దంటే, బోదె వదిలేటట్టు దస్తావేజులో రాయిద్దామనుకున్నా. నోరు తెరవనిచ్చాడా?”

“ఇప్పుడైనా వాళ్లకి చెప్పన్నయ్యా.”

“రిజిస్ట్రేషన్ అయిపోయిందమ్మా. ఇంక నా మాట ఎవరు వింటారు?”

తిరిగొస్తూ చేను దగ్గర ఆగాను. నారు ఎర్రబడి వాలిపోయింది. అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మా ఆయన గోడ దాకా వెళ్లి చూసొచ్చారు. తప్పయిందంటారేమోనని ఎదురుచూశాను.

“పద్మా, వాడు ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నాడంటావ్?” అన్నారు.