రుసుము వద్దన్నవాడు

ఏడో గుమ్మం దగ్గర పుస్తకంలో ముద్ర కొట్టి, సిరా ఆరేదాకా గుమాస్తా నోటితో ఊదాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని: పేదల పొదుపు సంఘం తరఫున గుమ్మం గుమ్మం తిరిగి చిల్లర పోగుచేయడం. సంచి మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. బొటనవేలి మీది ఊదామరక ఏ సబ్బుకీ లొంగదు. ఎవరినీ నొప్పించలేడు. ఇంటికి దొంగ వచ్చినా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టే రకమని భార్య దెప్పుతుంది.

ఆ మంచితనమే కొంప ముంచింది. మూడేళ్ళ కిందటి సభ్యుల సమావేశంలో, ప్రతి అప్పు మీదా చిన్న రుసుము తీసి నిధిగా దాచకపోతే సంఘం నిలవదని కార్యదర్శి మొత్తుకున్నాడు. గుమాస్తా లేచి, పేదవాళ్ళ మీద ఆ భారం కూడానా అన్నాడు. చప్పట్లు మోగాయి. వారం రోజులు అవి అతని చెవుల్లో తియ్యగా వినిపించాయి. రుసుము మూలపడింది. ఈ ఏడు ఊళ్ళో మిల్లు మూతపడి బాకీల వసూలు ఆగిపోయేసరికి ఆదుకోవడానికి నిధి లేదు. దాచుకున్నవాళ్ళకి వాళ్ళ డబ్బే ఇవ్వలేక సంఘం వాయిదాలు చెబుతోంది.

తర్వాతి గుమ్మం ఇస్త్రీ అవ్వది. నెల రోజులుగా ఆయాసపడుతోంది. గుండెకి వైద్యం చేయించుకోవాలి, నా డబ్బు నాకిమ్మని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ సోమవారమన్నాడు. ఇవాళ అడగలేదు. ఎప్పటిలాగే కొంగుముడి విప్పి నాణేలు అతని చేతిలో పెట్టింది.

“ఇప్పుడు కట్టడమెందుకవ్వా?”

“మానేస్తే వరస తప్పుతుంది కదా నాయనా. ఆరోజు మా తరఫున మాట్లాడింది నువ్వొక్కడివే.”

ఆ మాటే నీ డబ్బు లేకుండా చేసిందని చెప్పెయ్యాలనుకున్నాడు. కానీ సిగ్గుతో తల వంచుకుని ముద్ర కొట్టాడు.

మధ్యాహ్నం అవ్వ డబ్బిమ్మని కార్యదర్శిని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాడు. ఒకరికిస్తే నలుగురికీ ఇవ్వాలి, ఎక్కణ్ణుంచి తెమ్మంటావని ఆయన అడిగాడు. తప్పు పట్టడానికేమీ లేదు. గుమాస్తా తన సైకిల్ అమ్మేసి, తక్కువైనది బావమరిది దగ్గర చేబదులు తీసుకుని, సాయంత్రానికి నడుచుకుంటూ వచ్చాడు.

అవ్వ గుమ్మం ముందు జనం ఉన్నారు. ఇస్త్రీ చేస్తూ చేస్తూ గోడకి జారబడిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదని పక్కింటావిడ చెప్పింది.

డబ్బు జేబులోనే ఉంది. తనే చంపేశానని అతనికి అనిపించింది. ఆ మాట పైకి అంటే కాదని అందరూ ఓదారుస్తారు, అదింకా భరించలేడు. లోపలికి వెళ్ళి నిలబడ్డాడు.

బల్ల మీద ఎవరిదో తెల్లచొక్కా పరిచి ఉంది. ఒక చెయ్యి నున్నగా ఉంది, రెండోది ముడతలు పడి ఉంది.