వచ్చే పక్క

"కంపెనీ మేడమ్‌గారు ఎర్ర వంతెన దాటేరంట. టీలో అల్లం దంచి వెయ్యి. ఆవిడ ఏవన్నా అడిగితే నేను చెబుతాను, నువ్వు మధ్యలో దూరకు," అన్నాడు మురళీమోహన్, వంటింటి గుమ్మంలో నిలబడి కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

సుగుణ ఆయ్ అంది. పదహారేళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఆమె ఎక్కువసార్లు పలికిన మాట అదే. అత్తగారు లోవమ్మ మంచం మీంచి పిలిచినా ఆయ్, మరిది గంగబాబు చొక్కా ఇస్త్రీ అయిందా అన్నా ఆయ్. ఈవేళ మాత్రం ఆ మాట సంతోషంగానే అంది. ఆ మేడమ్ చూడబోయే కాగితాల మీద తన పేరు ఉంటుందని ఆమె గట్టి నమ్మకం మరి!

మురళీమోహన్ కువైట్‌లో పద్నాలుగేళ్లు కారు తోలి, కిందటేడు అమలాపురం తిరిగొచ్చేశాడు. వచ్చాక ఆయన మనసు ఓ బేకరీ కంపెనీ మీద పడింది. ఫ్రాంచైజీ అన్నాడు. అదేంటండీ అంటే, పేరు వాళ్లది, సరుకు వాళ్లది, కొట్టు మనది అన్నాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమన్నమాట అనుకుంది సుగుణ. కంపెనీవాళ్లు పెట్టిన మెలిక ఒకటే. ఊళ్లో చోటు మీరే వెతకాలి, అదెందుకు మంచిదో రాసి చూపించాలి, మాకు నచ్చాలి. ఆయన ఆమెను బండెక్కించుకుని గడియార స్తంభం సెంటర్‌కి తీసుకెళ్లి, "చూడు, ఎంత జనమో! ఇంకెక్కడ వెతకాలి?" అన్నాడు. "ఇక్కడ జనం నడుస్తారుగానీ ఆగరండీ. ఆగడానికి చోటేదీ?" అంది సుగుణ. ఆయన ఓ నిమిషం చూసి, పకపకా నవ్వి, "అయితే నువ్వే వెతుకు. కొట్టు నీ పేరునే పెడతాను. ప్రొప్రైటర్ సుగుణ అని బోర్డు మీద రాయిస్తాను, సరేనా?" అన్నాడు.

ఆ మాటతో ఆమె నలభై రోజులు నడిచింది. పొద్దున్న వంటా, అత్తగారి స్నానమూ, మందులూ ముగించుకుని ఓ పూట, సాయంత్రం ఇంకో పూట. చేతిలో కూరల సంచి ఉంటే ఆడమనిషి రోడ్డు మీద ఎంతసేపు నిలబడినా కాస్త మర్యాద. ఆ సంచిలో గుప్పెడు చింతపిక్కలు. ఎదురుగా ఎవరన్నా ఏదన్నా కొనుక్కుని కనబడితే సంచిలోనే ఒక పిక్క ఇటు అరలోంచి అటు అరలోకి. ఇంటికొచ్చాక లెక్కపెట్టి పాత స్కూలు నోటుబుక్కులో రాసుకునేది. కాలేజీ రోడ్డులో ఆటోవాడొకడు రోజూ "ఎవరికోసమండీ?" అని ఇకిలించేవాడు. ఆ సంగతి చెబితే మురళీమోహన్ "నిలబడితే అడగరేంటి?" అన్నాడు. లోవమ్మయితే "రోడ్లు కొలిచే కోడలు దొరికింది, మా అదృష్టం" అని ఇరుగమ్మతో ఆమెకు వినబడేలాగే అంది. ఆ మాటలన్నీ పడింది సుగుణ. బోర్డు మీద తన పేరు గుర్తొస్తే ఏ మాటైనా చెవులు దాటి లోపలికి వెళ్లేది కాదు.

ముమ్మిడివరం రోడ్డులో ఆమెకు అసలు సంగతి తెలిసింది. పొద్దున్న ఊళ్లోకి పనులకి వెళ్లేవాళ్లంతా ఒక పక్క బస్సు దిగి పరుగెడతారు, ఎవరూ ఏమీ కొనరు. సాయంత్రం ముమ్మిడివరం, మురమళ్ళ బస్సులకోసం ఎదురుగా రెండోపక్క నిలబడతారు చూడండి, అప్పుడు పిల్లలు గుర్తొస్తారు, ఇంట్లో ముసలమ్మకి మెత్తటి రొట్టె గుర్తొస్తుంది. చేతులు ఖాళీగా ఇంటికెళ్లడం ఎవరికీ ఇష్టముండదు. రోడ్డు ఒకటే, కానీ ఒకటి పనికి వెళ్లే పక్క, రెండోది ఇంటికొచ్చే పక్క. మనిషి కొనేది వచ్చే పక్కనే. అదే మాట నోటుబుక్కులో రాసి కింద రెండు గీతలు గీసింది.

ఆ వచ్చే పక్కనే, బస్సు ఆగేచోట, దానమ్మగారి కొట్టు మూతపడి ఉంది. ఆవిడ రిటైరైన నర్సు, వెనక వాటాలోనే ఉంటారు. ఈ మనిషి రోజూ సంచితో నిలబడ్డం చూసి, ఓనాడు అరుగు మీద స్టూలు వేసి మంచినీళ్లిచ్చారు. సంగతంతా విని, "ఎంతమంది అడిగినా ఇవ్వలేదమ్మా ఇది. నువ్వు పెట్టుకుంటానంటే ఇస్తాను," అన్నారు. ఆ సాయంత్రం సుగుణ ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చింది.

టీ కప్పులు పట్టుకుని ఆమె ముందుగదిలోకి వెళ్లేసరికి కంపెనీ మేడమ్ దివ్య, పాతికేళ్లపిల్ల, సుగుణ నోటుబుక్కు చూసి మురళీమోహన్ టైపు చేయించిన కాగితాలు చదువుతోంది. "ఇలాంటి రిపోర్టు మాకెప్పుడూ రాలేదండీ. 'వానపడితే కాలేజీ రోడ్డు కొట్ల ముందు ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడవాలి, అలాంటి చోట ఎవరూ ఆగరు' అట! ఎవరండీ రాసింది?"

"మా తమ్ముడండీ," అన్నాడు మురళీమోహన్. "నలభై రోజులు ఎండనకా వాననకా తిరిగేడు."

కప్పు పెడుతూ సుగుణ చూసింది. కాగితం అడుగున ప్రొప్రైటర్ అని ఉంది, దాని పక్కన గంగబాబు అని ఉంది. గంగబాబు తలొంచుకుని సిగ్గుపడుతున్నాడు, నిజంగా తిరిగినవాడిలా! మొగుడు ఆమె వైపు చూడనైనా చూడలేదు. అబద్ధం చెబుతున్నవాడికి గొంతు కొంచెమైనా తడబడాలి కదా, అదీ లేదు. అంటే ఈ మాట చాలా రోజుల కిందటే అనుకున్నదన్నమాట. తను ఎండలో పిక్కలు మారుస్తున్న రోజుల్లోనే అనుకున్నారన్నమాట.

"ఈ 'వచ్చే పక్క' అని చాలాచోట్ల ఉంది. అంటే ఏంటండీ?" అంది దివ్య.

గంగబాబు గొంతు సవరించుకున్నాడు. "అంటే ముందు ముందు డెవలప్‌మెంట్ వచ్చే పక్కండీ. కొత్త కాంప్లెక్సులు అవీ."

"అదే అదే," అన్నాడు మురళీమోహన్.

సుగుణకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. రెండూ మింగి వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి కారు తాళాలకోసం లోపలికొచ్చాడు ఆయన.

"నా పేరన్నారు గదండీ."

"అదా! వాడికి సంబంధాలు చూస్తున్నాం గదే. కుర్రాడేం చేస్తాడంటే చెప్పుకోడానికి ఓ హోదా ఉండాలా వద్దా? అయినా నీ పేరైతేనేంటి, వాడి పేరైతేనేంటి? ఇంట్లోదే గదా. పొద్దున్నెళ్లి కౌంటర్లో కూర్చునేది ఎలాగూ నువ్వే!" ఓదార్చాననుకుని ఆమె భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఎంగిలి కప్పులు కడుగుతూ నిలబడింది. ఈ ఇల్లూ అంతే. ఆయన కువైట్‌లో ఉండగా వానాకాలమంతా తిరిగి, నీళ్లు నిలవని చోటు చూసి కొనిపించింది తను. రిజిస్ట్రేషన్ నాడు అత్తగారి వేలిముద్ర పడింది. అప్పుడూ ఇదే మాట, ఇంట్లోదే గదా అని. చోటు వెతకడం ఆమె వంతు, పేరు ఇంకొకళ్ల వంతు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా? నన్ను మోసం చేశారు, అనుకుంది. ఇంతకాలం సర్దుకుపోవడం అని పిలుచుకున్నదాన్ని మొదటిసారి దాని అసలు పేరుతో పిలిచింది.

గంట గడవకముందే ఫోన్. "సుగుణా, ఓసారి ఆటో ఎక్కి వచ్చెయ్యి. వీడేమో ఎదురుపక్క కొత్త కాంప్లెక్సు చూపించేడు. మేడమ్ ఇది కాదు, రిపోర్టులో అరుగున్న కొట్టని రాసుంది అంది. తీరా ఇక్కడికొస్తే ఈ దానమ్మగారు నువ్వొస్తేగానీ తాళం తియ్యనంటున్నారు. నువ్వొచ్చి ఆయ్ అను, చాలు."

సుగుణ చీర మార్చుకుంది. చింతపిక్కల సంచి భుజాన వేసుకుంది, ఎందుకో తెలీదు. నోటుబుక్కు కూడా పెట్టుకుంది.

అరుగు మీద దానమ్మగారు తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నారు. "వీళ్లు మీవాళ్లేనంటున్నారు, కొట్టు ఇవ్వమంటావా సుగుణమ్మా?"

మురళీమోహన్ కళ్లతో సైగ చేశాడు. ఆమె నాలిక మీద పదహారేళ్ల అలవాటు సిద్ధంగానే ఉంది. పెదాలు కూడా విడివడ్డాయి.

"వాళ్లకి ఇవ్వకండమ్మా. నాకివ్వండి," అంది.

తర్వాత దివ్య వైపు తిరిగి నోటుబుక్కు చేతికిచ్చింది. "వచ్చే పక్క అంటే డెవలప్‌మెంట్ కాదండీ. ఇంటికి తిరిగొచ్చేవాళ్లు నిలబడే పక్క. అలిసిపోయి, చేతులు ఖాళీగా ఉండి, ఇంట్లోవాళ్లు గుర్తొచ్చే పక్క. నలభై రోజులు నిలబడింది నేనండీ. మీ కంపెనీ నా పేరున ఇస్తే మీ రొట్టె అమ్ముతాను. ఇవ్వకపోతే నేను వండింది అమ్ముకుంటాను. చోటు మాత్రం నాది."

దివ్య నోటుబుక్కు తిరగేసింది. రెండు గీతల దగ్గర ఆగింది. గంగబాబు వైపు ఒక్కసారి చూసి, బ్యాగులోంచి కొత్త దరఖాస్తు ఒకటి తీసి సుగుణ చేతిలో పెట్టింది. "పూర్తి చేసివ్వండి. ఏమంటారో నేను పైవాళ్లతో మాట్లాడి చెబుతాను," అంది.

"బజార్లో ఏంటిది? నడు, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అన్నాడు మురళీమోహన్ పళ్లు బిగించి.

దానమ్మగారి దగ్గర తాళంచెవి అందుకుని, దరఖాస్తు ఒళ్లో పెట్టుకుని, సుగుణ తన స్టూలు మీద కూర్చుంది. కూర్చునే రోడ్డుకి అటువైపు చెయ్యి చూపించింది.

"మీరెళ్లండి. వెళ్లే పక్క అదండీ."