చిట్టి చూసిన పోస్టరు

అద్దాలాయన మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద నిలబడి "అదిగో వెన్నెల" అన్నాడంటే, జనం తలెత్తి చూసి "అవునవును, చల్లగా ఉంది" అనేవారు. అంత నోరు అతనిది. అమ్మేవి కళ్ళజోళ్ళు. వాటిలో ఉన్నది కిటికీ తలుపులకు వేసే ఉత్త గాజు. గాజు కొట్టువాడు పారేసిన ముక్కల్ని అరగదీసి చవక ఫ్రేముల్లో బిగించేవాడు. పెట్టుకున్నవాడికి ముందెంత కనిపించేదో తరవాతా అంతే కనిపించేది. అయినా అతని మాటలు విన్నాక పక్క ఊళ్ళో దూడ ఆవులించడం కూడా కనిపించినట్టే ఉండేది. నన్నడగండి, గుట్టు తెలిసి కూడా నేనొక జోడు కొన్నాను.

అప్పుడు నేను సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి. అతని మకాం మా హాలుకు ఎదురుగా, రోడ్డవతల. నోరు అతనిదే అయినా వ్యాపారం నడిపింది చిట్టి. చచ్చిపోయిన అతని అక్క కూతురు. ఏడెనిమిదేళ్ళుంటాయి. జనం గుమిగూడగానే, ఎటునుంచో చేతులు చాపి తడుముకుంటూ వచ్చి, కాస్త మెత్తగా ఉన్నవాడి పొట్టకు గుద్దుకునేది.

"మామయ్యా, నాకేమీ కనబడట్లేదు!"

అద్దాలాయన గుండె బద్దలైనట్టు మొహం పెట్టి, పిల్లకు జోడు తగిలించేవాడు. చిట్టి రెండు మూడుసార్లు కళ్ళు చికిలించేది. ఆ తరవాత మా హాలు గోడ మీది పోస్టరుకేసి వేలు చూపించేది.

"ఆహా! అన్నీ కనిపిస్తున్నాయి! టోపీ పెట్టుకున్న మనిషి! వాడి భుజాల మీద పిల్ల! పిల్ల చేతిలో చెప్పు! ఇద్దరూ నవ్వుతున్నారు!"

జనం తలెత్తి గోడకేసి చూసేవారు. టోపీ ఉంది, పిల్ల ఉంది, చెప్పూ ఉంది. ఇక చప్పట్లే చప్పట్లు.

ఆ పోస్టరు మా హాల్లో ఆడుతున్న పాత హాస్యం బొమ్మది. ఒక మోసగాడి చేతికి దిక్కులేని పిల్ల దొరుకుతుంది. ఇద్దరూ కలిసి ఊరినంతా బురిడీ కొట్టిస్తారు. పోలీసు చెప్పు కొట్టేసి, దాన్ని ఆ పోలీసుకే అమ్మే సీను వచ్చిందంటే హాలు పైకప్పు లేచిపోయేది. మా ఓనరు ఆ బొమ్మను ఎన్నాళ్ళు ఆడించాడంటే, హాల్లో ఎలుకలు కూడా నవ్వాల్సిన చోట నవ్వడం నేర్చుకున్నాయి.

పని లేనప్పుడు చిట్టిని ఊరికే లోపలికి వదిలేవాణ్ణి. మొదట్లో వెనక వరసలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చునేది. సీను కంఠతా వచ్చు కనక అందరికన్నా ముందే నవ్వేది. కొన్నాళ్ళకు మధ్య వరసకు వచ్చింది. తరవాత ముందు బెంచీకి. అప్పటికి నవ్వు కూడా మారింది. అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆగి నవ్వేది. బొమ్మ మొహం మొత్తిందేమో అనుకున్నాను. ఒకనాడు మెట్టు తట్టుకుని బోర్లా పడింది. రోజూ ఎక్కే మెట్టే అది.

"ఒరేయ్, పిల్ల కళ్ళు ఎవరికైనా చూపించరా" అన్నాను అద్దాలాయనతో.

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "బావా, నువ్వూ పడ్డావా! టికెట్ లేనివాణ్ణి వాసన చూసి పట్టేవాడివి, నిన్నే బోల్తా కొట్టించిందంటే నా కోడలు మామూలుది కాదు!"

తప్పు పూర్తిగా అతనిదని కూడా అనలేను. పని నేర్పేటప్పుడే చెప్పాడట, బజార్లో మాత్రమే నటించేవాడు దొరికిపోతాడు, గదిలో కూడా గుడ్డిదానిలాగే ఉండాలి అని. అందుకే పిల్ల గ్లాసు పక్కన నీళ్ళు పోస్తే "శభాష్" అన్నాడు. గోడకు గుద్దుకుంటే వీపు తట్టాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని "మామయ్యా, నిజంగానే కనబడట్లేదు" అందట.

"ఆ 'నిజంగానే' అన్న మాట అదిరింది. రేపు బజార్లో కూడా అను" అన్నాడు.

మర్నాడు అంది. జనం కళ్ళు తుడుచుకున్నారు. ఇవన్నీ తరవాత అతనే నాతో చెప్పాడు.

ఎలాంటి బొమ్మకైనా ఒకనాటికి జనం పలచబడతారు. ఓనరు కొత్త బొమ్మ తెచ్చాడు. అంతా ఏడుపే. పోస్టర్లవాడు నిచ్చెన వేసి, బకెట్లోంచి జిగురు పులిమి, పాత కాగితం మీదే కొత్తది అంటించాడు. రైలు కిటికీ పట్టుకుని ఏడుస్తున్న తల్లి. రోడ్డవతల అద్దాలాయన మాకు వీపు పెట్టి, జనం మొహాల్లోకి చూస్తూ ఉపన్యాసం దంచుతున్నాడు. అతను ఎప్పుడూ జనం మొహాలే చూసేవాడు, గోడలు చూసే అలవాటు లేదు.

చిట్టి వచ్చింది. గుద్దుకుంది. ఏడ్చింది. జోడు పెట్టించుకుంది. వేలు చూపించింది.

"టోపీ పెట్టుకున్న మనిషి! వాడి భుజాల మీద పిల్ల!"

జనం గోడకేసి చూశారు. ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు "టోపీ ఏదే? పిల్ల ఏదీ?" అన్నాడు. చప్పట్లు రాకపోయేసరికి చిట్టి గొంతు పెంచింది. "చేతిలో చెప్పు! ఇద్దరూ నవ్వుతున్నారు!"

"నవ్వేదెవరు, మమ్మల్ని చూసి మీరా? దొంగ ముండాకొడకా!"

జోళ్ళ పెట్టె తిరగబడింది. కాళ్ళ కింద గాజు నలిగింది. అద్దాలాయన మీద ఎన్ని చేతులు పడ్డాయో. అలాంటప్పుడు పాములా జారిపోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. కానీ ఆరోజు కదల్లేదు. మెడ తిప్పి పోస్టరు చూశాడు. పిల్లను చూశాడు. దెబ్బలు తింటూనే అరిచాడు.

"చిట్టీ, ఇటు చూడవే! నేనెక్కడున్నాను?"

చిట్టి మరోవైపు తిరిగి నవ్వుతోంది. అటు ఎవరూ లేరు. వేలు ఇంకా గోడకేసే ఉంది.

పెదవి చీలిన అతన్ని, చెయ్యి వదలని పిల్లను నేనే కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పిల్ల ముక్కు మీద బరువైన గుండ్రటి ఫ్రేము పెట్టి, ఒక అద్దం దూర్చింది.

"ఇప్పుడెలా ఉంది?"

"ఆహా! అన్నీ కనిపిస్తున్నాయి!"

ఇంకో అద్దం మార్చింది. అదే మాట. మూడోసారి అద్దమే లేకుండా ఖాళీ ఫ్రేము పెట్టింది. అదే సంబరం, అదే గొంతు. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది.

"ఎవరయ్యా ఈ పిల్లకిది నేర్పింది?"

"నేనేనమ్మా." అద్దాలాయన నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "చిట్టీ, ఇక్కడ బేరం లేదు తల్లీ. నిజం చెప్పు."

"చెబితే నిన్ను కొడతారు."

"కొట్టరు."

"నువ్వు అబద్ధాలు చెబుతావు కదా మామయ్యా" అంది. నిష్ఠూరంగా అనలేదు. మా మామయ్య వడ్రంగం చేస్తాడు అన్నట్టు అంది.

చిట్టి చిన్నగా అడిగింది. "పోస్టరు ఎప్పుడు మార్చారు?"

"ఇవాళే."

"కొత్తదాని మీద ఏముంది?"

అద్దాలాయన పిల్ల ముక్కు మీది ఖాళీ ఫ్రేము మెల్లగా తీసి డాక్టరమ్మ చేతికిచ్చాడు.

ముందే తెచ్చి ఉంటే కళ్ళు నిలిచేవని డాక్టరమ్మ చెప్పింది. ఇక మిగిలింది వెలుతురుకూ చీకటికీ తేడా తెలియడం, అంతే. అదీ ఎన్నాళ్ళో చెప్పలేనంది.

అద్దాలాయన జోళ్ళు మానేశాడు. గాజు కొట్టులో కూలికి చేరి, అదే గాజును కిటికీలకు బిగించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు పిల్లను భుజాల మీద ఎక్కించుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

"బావా, మా కోడలు సినిమా చూస్తానంటోంది."

టికెట్ అడగలేదు నేను. చిట్టి వెనక వరసే కావాలంది. ఇప్పుడు ఏ బెంచీ అయినా ఒకటే కదా.

లోపల రైలు సీను నడుస్తోంది. హాలంతా ముక్కులు చీదుతోంది. అంతలో వెనకనుంచి కిలకిలమని నవ్వు.

"ఎవరా పిల్ల? బుద్ధుందా లేదా?"

నేను టార్చి పట్టుకుని వెళ్ళాను. అద్దాలాయన ఆమె చెవిలో గుసగుసలాడుతున్నాడు. "ఆ ఏడుపంతా ఉత్త నాటకమే చిట్టీ. పోలీసు చూస్తున్నాడని ఏడుస్తోంది. మన టోపీ మనిషి రైలు కింద నక్కి ఉన్నాడు. పిల్ల చేతిలో చెప్పుంది. అదిగో, పోలీసుకే బేరం పెడుతోంది..."

తెర మీద తల్లి గుండెలు బాదుకుంది. చిట్టి ఆ ఏడుపు పూర్తయ్యేదాకా విన్నది. ఒక్క క్షణం ఆగింది. తరవాత మళ్ళీ నవ్వి, చేత్తో తడిమి మామయ్య మొహం పట్టుకుంది. చెంపలు తడిగా తగిలాయి కాబోలు, రెండు చేతులతో తుడిచింది.

"ఆహా! అన్నీ కనిపిస్తున్నాయి మామయ్యా" అంది.