పొడిబాబాయ్ చందమామ

జల్లెడ ఆపి, పొడిబాబాయ్ చిటికెడు పొడిని వేళ్ల మధ్య నలుపుతూ చెవి దగ్గర పెట్టుకున్నాడు. గరగర ఇంకా ఎక్కువగానే ఉంది. మరో వాయి దంచాలనుకుని, ఇనప రోట్లో నల్లరాతి ముక్కలు పోసి రోకలి అందుకున్నాడు. మర ఉంది గానీ, అది రాతిని మరీ మైదాపిండి చేసేస్తుందని ఆయన ఫిర్యాదు. ముక్కుకి గుడ్డ, కనుబొమల నిండా బూడిదరంగు దుమ్ము. ఇన్నేళ్ల దంపుడుకి కుడి భుజం ఎడమదానికంటే ఓ పిసరు కిందికి దిగింది.

ఆయన చేసే పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. అంగారకుడి చుట్టూ తిరిగే చిన్న చందమామ ఒకటుంది. అక్కడి మట్టిని తాకిన మనిషి లేడు. దాన్ని తవ్వి తెచ్చే యంత్రానికి ముందుగా ఇక్కడ తవ్వడం నేర్పాలంటే అలాంటి మట్టి కావాలి కదా. దూరం నుంచి తీసిన ఫొటోలు చూసి, శాస్త్రవేత్తలు చెప్పిన పాళ్లలో రాళ్లు కలిపి, ఈయన దాన్ని తయారుచేస్తాడు. కొలతలివ్వని పిల్లకి గౌను కుట్టడం లాంటిదే. "ఇంట్లో ఓ గ్లాసు కడగరు గానీ, చందమామకి మాత్రం పిండి దంచుతారు," అని భార్య దెప్పుతూ ఉంటుంది.

ఆయన్ని పట్టి పీడించే కుతూహలం ఒక్కటే. అసలు మట్టి వచ్చాక, తన పొడిని దాని పక్కన పెట్టి నలిపి చూడాలి. సరిపోయిందా, లేదా? అందుకోసమే రిటైరయ్యే వయసు దాటినా ఏటేటా బతిమాలుకుని ఉద్యోగం పొడిగించుకున్నాడు.

యంత్రం ఎగరడమైతే ఎగిరింది. భూమి చుట్టూ తిరిగేదాకా బాగానే వెళ్లి, అక్కణ్నుంచి అంగారకుడి వైపు తోయాల్సిన ఇంజను మండకపోవడంతో చతికిలబడింది. ఎంత పిలిచినా పలకలేదు. కిందికి జారుతూ జారుతూ ఇవాళ ఏదో సముద్రంలో పడిపోతుందని పొద్దున గేటు దగ్గర కాపలావాడు కూడా చెప్పాడు. పొడి ఇక వద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే దంచుతున్నాడు.

మధ్యాహ్నం ఇంజనీరమ్మ వచ్చింది. యంత్రానికి తవ్వే చెయ్యి చేసింది ఆవిడే. నిద్రలేక కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఇంకా దంచుతున్నావా బాబాయ్?"

"ఆపమని ఎవరూ అనలేదమ్మా."

"రేపట్నుంచి ఈ గదికి తాళం వేస్తారు. మళ్లీ ఎప్పుడు పంపుతారో, అసలు పంపుతారో లేదో."

ఆయన రోకలి గోడకి ఆనించి అడిగేశాడు.

"ఒక్కమాట చెప్పమ్మా. అక్కడి మట్టి నిజంగా ఇలాగే ఉంటుందంటావా?"

"నాకు తెలీదు బాబాయ్. ఎవరికీ తెలీదు."

ఇన్నాళ్లూ అందరూ అచ్చం ఇదేనంటూ భుజం తట్టి పోయినవాళ్లే. తెలీదన్నవాళ్లు లేరు. ఆ జవాబు ఆయనకి ఎందుకో హాయిగా అనిపించింది.

ఆవిడ గొంతు తగ్గించింది. "ఇంకో సంగతి. పంపేముందు ఆఖరి పరీక్ష కూడా నీ పొడిలోనే చేశాం కదా. కుంచెతో ఎంత దులిపినా యంత్రం మణికట్టు కీలులో కొంచెం ఉండిపోయింది. విప్పితే మళ్లీ బిగించే టైం లేదు. అలాగే పంపేశాం."

"అంటే, అది మట్టి తెచ్చినా అందులో నాదీ కలిసుండేదన్నమాట."

"ఉండేదే."

"నా పొడి నాకే చూపించి, ఇదిగో చందమామ మట్టి అనేవాళ్లు మీరు."

ఆవిడ ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వు ఆగాక కిటికీలోంచి ఆకాశం వంక చూశాడు. తన చేత్తో దంచిన పొడి ఇన్నాళ్లూ భూమి చుట్టూ చక్కర్లు కొడుతోందా! అక్కడి ఎండకి గడ్డకట్టిందో, చలికి ఇంకా మెత్తబడిందో. ఒక్క చిటికెడు దొరికితే ఎంత బాగుండును.

"ఒక్కసారి తవ్వించమ్మా, చూస్తాను. ఇవాళ్టి పొడి బాగా కుదిరింది."

పైకి వెళ్లినదానికి కవల చెయ్యి ఒకటి గది మూలన ఉంది. దాని ముందు తొట్టిలో పొడి పోసి చదును చేశాడు. ఆవిడ మీట నొక్కింది. చెయ్యి మెల్లగా వంగి, పొడిలోకి దిగి, పిడికెడు తీసుకుని పైకి లేచింది. అప్పుడే ఆవిడ ఫోను మోగింది. విని, "సరే" అని పెట్టేసింది.

"పడిపోయింది బాబాయ్. ఒడ్డుకి చాలా దూరంగా."

ఆయన తలాడించాడు. ఏడుపు రాలేదు గానీ, ఇంట్లో మనిషి పోయినంత దిగులుగా ఉంది. ఆవిడ మీటింగుకి వెళ్లిపోయాక ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకుని, లైటార్పి, తాళంచెవి కాపలావాడి చేతిలో పెట్టి ఇంటిదారి పట్టాడు.

దించమని చెప్పేవాళ్లు లేక, ఆ చెయ్యి పిడికెడు పొడిని ఎత్తిపట్టుకుని చీకట్లో అలాగే నిలబడి ఉంది.