నది అవ్వ పట్టీ

నది అవ్వ పద్నాలుగు అడుగుల బొమ్మ. వెదురు బద్దల ఎముకలు, మైదా జిగురుతో అంటించిన కాగితాల ముఖం, పాత దుప్పట్ల ఒళ్ళు. శాంతి కోసం, నీళ్ళ కోసం తీస్తున్న ఊరేగింపులో ఆ అవ్వను వీపున మోసేది భయాలక్క ఒక్కగానొక్క కూతురు. అక్కకు ఆ పేరు పెట్టింది బొమ్మలు కట్టే షెడ్డులో వాళ్ళే. పెట్టింది తప్పనడానికి లేదు.

ఆమె బెంగంతా బొమ్మను కూతురి ఒంటికి పట్టి ఉంచే నడుం పట్టీ మీదే. అది అదిమితే అతుక్కునే వెల్క్రో పట్టీ. ఒక్క లాగుకు పర్రుమని ఊడొచ్చేస్తుంది. నడివీధిలో ఊడితే? ఆ బరువంతా పిల్ల మెడ మీద పడితే? అందుకే పొద్దున కూతురు బొమ్మను ఎత్తుకుని నిలబడగానే భయాలక్క దుప్పట్ల కిందకు దూరింది. దబ్బనంతో, గోనె దారంతో పట్టీని మూడు వరసలు కుట్టేసింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"అంచు ఊడింది, రెండు కుట్లు వేస్తున్నా. నిలబడవే."

కూతురు వెళ్ళిపోయింది. గేటు దగ్గర షెడ్డు మేస్త్రి, వెనక బయలుదేరాల్సిన బొమ్మలవాళ్ళకు చెబుతున్నాడు. "వంతెన మీద గాలి పట్టిందంటే బొమ్మను కాపాడాలని చూడకండి. పట్టీ లాగి కింద కూర్చోండి. బొమ్మ పోతే ఇంకోటి కట్టుకుందాం."

భయాలక్క అతని చెయ్యి పట్టుకుంది. "తమ్ముడూ, లాగినా ఆ పట్టీ రాకపోతే?"

"రాకపోవడమేంటక్కా. రావడానికేగా పెట్టింది."

"నేను కుట్టేశాను."

మేస్త్రి నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. వెదురు చెక్కే చాకు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పరుగెత్తక్కా. నీ వెనకే వస్తున్నా."

ఎవరి కాళ్ళు తొక్కిందో, ఎవరు తిట్టారో ఆమెకు తెలియదు. అవ్వ తల అప్పటికే వంతెన ఎక్కింది. దుప్పట్లు గాలికి కుండల్లా ఉబ్బాయి. ఆమె వాటి కిందకు దూరింది.

"అమ్మా? చేతిలో అదేంటి?"

"కదలకు తల్లీ. ఊపిరి కూడా తీయకు."

కుట్టుకూ పిల్ల పక్కటెముకలకూ మధ్య వేలెడు సందు లేదు. ఒక వరస తెగింది. రెండోది తెగింది. పైన బద్దలు కిర్రుమన్నాయి. కూతురి చెప్పులు వంతెన కమ్మీల వైపు జారాయి.

"అమ్మా, లాగేస్తోంది."

మూడో వరస సగం తెగింది. "ఇక లాగవే."

పట్టీ పర్రుమంది. తల్లీ కూతుళ్ళిద్దరూ రోడ్డు మీద కూలబడ్డారు. అవ్వ ఒంటరిగా రెండడుగులు వేసి కమ్మీలకు కొట్టుకుంది. వీపు బద్ద ఫట్టున విరిగింది.

కూతురు వేలాడే దారాలు చూసింది. "నువ్వేనా?"

"నేనే."

ఆయాసపడుతూ వచ్చిన మేస్త్రి విరిగిన బద్దకు తాడు చుట్టాడు. గాలి కాస్త తగ్గాక కూతురు మళ్ళీ బొమ్మ కిందకు వెళ్ళింది.

"ఇంటికి పోదాం పదవే."

"వంతెన దాటాక. పట్టీ పెట్టు."

భయాలక్క అతికించింది, లాగి చూసింది, ఊడింది. మళ్ళీ అతికించింది, మళ్ళీ లాగింది.

"చాల్లేమ్మా, అరిగిపోతుంది."

మూడోసారి అతికించింది. దాని మీద నుంచి చెయ్యి తీయడమే ఆమెకు చేతకాలేదు. చివరికి కూతురే ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి, ముందుకు కదిలింది.