తలూపే పిల్ల

కాలేజీలో చేరీ చేరకముందే, లైబ్రరీలో బడిపిల్లలకు ఉచితంగా పాఠాలు చెబుతానని పేరిచ్చి వచ్చింది ఆ అమ్మాయి. "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అన్నాడు నాన్న. అంతటితో ఊరుకోక, కూతుర్ని టీచరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. పేరు స్థిరపడిపోయింది.

టీచరమ్మ వంతుకు వచ్చింది ఒక్క పిల్లే. పదో తరగతి. గుప్పెడంత మనిషి, అందరూ పిచ్చుక అంటారు. ఇస్త్రీ కొట్టు నడిపే వాళ్లమ్మ ముందే చెప్పేసింది: "ఈసారి లెక్కల్లో గట్టెక్కితే పై చదువు చదివిస్తానమ్మా. తప్పితే కొట్లో పెట్టేసుకుంటాను. నా నడుం ఇక నిలబడదు."

మొదట్లో బాగానే సాగింది. తర్వాత కాలేజీ నెత్తిమీద కూర్చుంది. రికార్డులు, ల్యాబులు, ఇంటర్నల్స్. క్లాసులో మాస్టారు "అర్థమైందా?" అంటే అందరితోపాటు టీచరమ్మా తలూపేది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అడిగితే నవ్వులపాలవుతానని భయం.

లైబ్రరీకి వచ్చేసరికి కళ్లు మూతలు పడేవి. లెక్క గబగబా చేసి చూపించి, "అర్థమైందా?" అనేది. "అర్థమైందక్కా" అని పిచ్చుక తలూపేది. బతికాంరా దేవుడా అనుకుని టీచరమ్మ తన పుస్తకం తెరుచుకునేది. తలూపడంలో ఆరితేరిన మనిషికి ఎదుటి పిల్ల తలూపుడు తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? తెలియకపోవడమే హాయిగా ఉండింది, అంతే.

ఫలితాలొచ్చాయి. టీచరమ్మకు రెండు సబ్జెక్టులు పోయాయి. అవి మళ్లీ రాసుకోవచ్చు. పిచ్చుక లెక్కల్లో తప్పింది.

టీచరమ్మ ఇస్త్రీ కొట్టుకు పరుగెత్తింది. బల్ల అందక, పిచ్చుక పీట మీద నిలబడి చొక్కా కాలరు రుద్దుతోంది. తల్లి లోపల నడుం వాల్చింది.

"అర్థం కాలేదని ఒక్కసారైనా చెప్పొచ్చు కదే."

"మీకు నిద్రొస్తుండేది కదక్కా. మళ్లీ మళ్లీ అడిగితే విసుగొచ్చి రావడం మానేస్తారనుకున్నా" అంది పిచ్చుక, చొక్కా తిరగేస్తూ. "మీరొస్తుంటే నాకు బాగుండేది."

టీచరమ్మ పీట దగ్గరికి జరిగింది. "రేపట్నుంచి ఇక్కడికే వచ్చి చెబుతా. మళ్లీ రాద్దువుగాని."

"వద్దులేమ్మా" అంది తల్లి లోపల్నుంచి. "మీరెంత కష్టపడ్డారో అది చెప్పింది. దానిదే మొద్దు బుర్ర. మీ చదువు మీరు చూసుకోండి."

"తప్పు నాదండీ. నేను సరిగ్గా చెప్పలేదు."

"మంచి మనసమ్మా మీది" అంది తల్లి.

ఏడుపు ఆపుకుంటూ టీచరమ్మ పిచ్చుక వైపు తిరిగింది. నువ్వైనా నమ్మవే అన్నట్టు చూసింది.

"లేదక్కా, నిజంగానే నాది మొద్దు బుర్ర" అని పిచ్చుక ఇంకో చొక్కా అందుకుంది.