కారు కప్పులో బంతిరెక్కలు

కారు సీట్ల సందుల్లోంచి బంతిపూల రెక్కలు ఏరడం ఝాన్సీకి కొత్త కాదు. మొగుడు ప్రభాకర్ ఏ ర్యాలీకి వెళ్లొచ్చినా మర్నాడు చాటా చీపురూ పట్టుకుని అందులో దూరేది ఆమే. కాకపోతే ఈసారి రాలినవి ఆమె గెలుపు పూలు. ఆడవాళ్లకు కేటాయించిన సీటు, సర్పంచిగా గెలిచింది ఝాన్సీ. ఊరేగింపులో మాత్రం కారు పైకప్పు అద్దం తెరిచి, సీటెక్కి, నడుము దాకా బయటికి లేచి ఊరికంతా దండాలు పెట్టింది ప్రభాకర్. ఆమె కింద అతని మోకాళ్ల పక్కన కూర్చుని, ఒళ్లో పడుతున్న రెక్కలూ గులాలూ దులుపుకుంది. జై కొట్టినవాళ్లకు ఆమె కనపడనే లేదు. "నువ్వు గెలిస్తేంది, నేను గెలిస్తేంది? ఇద్దరం ఒక్కటే గద" అన్నాడు ఇంటికొచ్చాక. ఒక్కటే అయితే ఒక్క నిమిషం నన్నెందుకు నిలబెట్టలేదని అడగాలనుకుంది. కానీ అత్త రాధమ్మ ముందే అనేసింది, "ఆడిది కారు మీదికెల్లి తల బయటపెడితే నలుగురు నవ్వరా బిడ్డా?" అని.

ఆనాటి నుంచి ఆ అద్దం సరిగ్గా మూసుకోవడం లేదు. అంచు దాకా వచ్చి జానెడు వెనక్కి పోతోంది. మంచుకు సీట్లు తడిసి ముక్కిన వాసన పట్టాయి. ప్రభాకర్ చేవెళ్లలో చూపించాడు, మొయినాబాద్‌లో చూపించాడు. మోటరు పోయింది, పట్నం నుంచి కొత్తది రావాలన్నారట. "రేపు పంచాయితీల నా ప్రమాణం పెట్టుకొని ఇప్పుడే ఖరాబు గావాల్నా ఇది?" అని ఇంట్లో గిన్నె మీదా చెప్పు మీదా విసుక్కుని బయటికి పోయాడు.

నా ప్రమాణమట! ఝాన్సీకి ఒళ్లు మండిపోయింది. ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి ఓటడిగిన కాళ్లు ఎవరివి? వచ్చిన ప్రతివాడికీ చాయ్ కాచి కాచి బొబ్బలెక్కిన చేతులు ఎవరివి? ఫ్లెక్సీలో అతని బొమ్మ గుమ్మమంత, తన బొమ్మ తపాలా బిళ్లంత. అదీ సరే అనుకుంది. ఇప్పుడు ప్రమాణం కూడా అతనిదేనా? ఆ కోపంతోనే కారులో దూరి, సీటెక్కి అద్దం చుట్టూ వేలు పెట్టి తడిమింది. ఈ ఇంట్లో జారుడు కిటికీ ఇరుక్కుంటే ఎవరూ మేస్త్రీని పిలవరు, "ఝాన్సీ!" అని కేకేస్తారు. అందుకే ఆమె ముందు అద్దం జారే గాడి చూసింది. అనుకున్నంతా అయింది. బంతిరెక్కలూ గులాలూ మంచుకు తడిసి, ఎండకు ఎండి, గాడి నిండా పిడకలా గట్టిపడ్డాయి. మోటరుకు ఏ రోగమూ లేదు. దారిలో అడ్డు తగిలేసరికి అద్దమే వెనక్కి తగ్గుతోంది.

చీపురుపుల్లకు తడిగుడ్డ చుట్టి నానబెట్టింది, పాత పళ్లబ్రష్‌తో తోమింది, పొడిగుడ్డతో తుడిచి కుట్టుమిషన్ నూనె రెండు బొట్లు వేసింది. బటన్ నొక్కి ఊపిరి బిగబట్టింది. అద్దం నున్నగా వచ్చి అంచుకు అతుక్కుంది. మళ్లీ తెరిచింది, మళ్లీ మూసింది. శభాష్ ఝాన్సీ! అని తనకు తానే పైకి అనుకుని, ఒక్కతే కూర్చుని పకపకా నవ్వింది.

తెల్లారి తెల్ల చొక్కా వేసుకుని వచ్చిన ప్రభాకర్ బటన్ నొక్కి చూసి అదిరిపడ్డాడు.

"అరే, మంచిగైంది! ఎవడు చేసిండు?"

"నేనే చేసిన."

"నువ్వా?" అని నవ్వుతూనే అద్దం తెరిచి సీటెక్కబోయాడు. ఝాన్సీ అడ్డంగా చెయ్యి పెట్టి, కారు తాళం తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఇయ్యాల కారు నువ్వు నడుపు. పైన నేను నిలబడ్త."

"గిదేంది? ఊరోళ్లు ఏమనుకుంటరు?"

"సర్పంచి ఎవరో ఎరుకైతది."

ప్రభాకర్ తల్లి వైపు చూశాడు, ఆమె అయినా ఆపుతుందేమోనని. గడపలో నిలబడ్డ రాధమ్మ కోడలిని ఎగాదిగా చూసింది.

"కొంగు జర గట్టిగ చెక్కుకో బిడ్డా," అంది చివరికి. "పైన గాలికి లేస్తది."

కారు కదిలింది. మలుపు దగ్గర ఆడవాళ్లు గంపలు పట్టుకుని కాచుకుని ఉన్నారు. పైన ఎవరున్నారో చూసి ఒక్క క్షణం నోరు తెరిచారు, ఆ వెంటనే "ఝాన్సక్కా!" అని అరుస్తూ దోసిళ్లతో రెక్కలు విసిరారు. తల మీద, భుజాల మీద, మొగుడి తెల్ల చొక్కా మీద. ఆమె ఒక్కటీ దులుపుకోలేదు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, కిందికి వంగి చెప్పింది.

"ఇంటికి పోయినంక ఈ రెక్కలన్నీ నువ్వే ఏరు. గాడిల ఉంచకు, మల్ల మూసుకోదు."